కొత్తిమీర కాడ

మా ఆయన మొదటి భార్య వందన పెంచిన కుందేలు అది. ఆమె బాత్‌రూంలో జారిపడి చనిపోయిందని నా పెళ్లికి ముందే చెప్పారు.

మిర్యాలగూడ వచ్చాక, ఎవరితోనూ మాట కలపలేని నాకు ఆ కుందేలే తోడైంది. చెప్పింది చేయగానే కొత్తిమీర కాడ పెడుతూ, పిలిస్తే రావడం, కాళ్ల చుట్టూ తిరగడం నేర్పాను.

"ఈ ఇంట్ల నీ మాట ఇనేది గదొక్కటే పిల్లా!" అని అత్తమ్మ నవ్వింది.

అంతలో రైస్‌మిల్లు మలుపులో మా ఆయన బండి చప్పుడైంది. కుందేలు నన్ను వదిలి మంచం కిందికి ఉరికింది. గోడ మూలకు చేరి, కాడ కోసం తలెత్తి చూసింది.

"గిది నేను నేర్పలేదత్తమ్మా. వందనక్క నేర్పిందా?"

అత్తమ్మ నవ్వు ఆగిపోయింది. "ఊకో పిల్లా, వాడు ఇంటడు."

వంగి కాడ అందించబోయాను. చేయి ఎంత చాచినా ఆ మూలకు అందలేదు. బండి చప్పుడైనప్పుడల్లా దానికి అక్కడ కాడ పెట్టిన మనిషి కూడా మంచం కిందే ఉండి ఉండాలి.

గేటు తెరుచుకుంది.

కుందేలు కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.