కమిటీ కోసం పెట్టిన పేజీ

"ఇంకో గంటలో తనిఖీ కమిటీ వస్తంది. ల్యాబులో ఇంటర్నెట్ కనపడకపోతే ఈ ఏడాది సీట్లు రావు. సీట్లు రాకపోతే కాలేజీ ఉండదు, నీ ఉద్యోగమూ ఉండదు!"

అరుస్తున్నవాడు వీరాంజనేయులు. పొగాకు, మిరప మీద సంపాదించింది పెట్టి పొలంలోనే ఇంజనీరింగ్ కాలేజీ కట్టించిన పెద్దమనిషి.

"నెట్ వచ్చే టెలిఫోన్ లైనే చచ్చిపోయిందండి" అన్నాడు కంప్యూటర్ లెక్చరర్ మార్క్.

"లైను సంగతి నాకెందుకయ్యా? తెర మీద బొమ్మ పడాలి, అంతే."

మార్క్ దగ్గర ఉపాయం ఉంది. ప్రతి కంప్యూటర్లోనూ ఒక చిన్న ఫైలుంటుంది. ఫలానా వెబ్‌సైట్ పేరు కొడితే ఫలానా చిరునామాకు పొమ్మని అందులో రాస్తే, అది మారుమాట్లాడకుండా అక్కడికే పోతుంది. యూనివర్సిటీ సైటు, ప్రభుత్వ లెక్చరర్ పోస్టుల సైటు పేజీల్ని ముందే ఒంగోలు నెట్ సెంటర్లో ఫ్లాపీలోకి ఎక్కించుకొచ్చాడు. వాటిని తన టేబుల్ మీది కంప్యూటర్లో పెట్టాడు. దాంతో సహా ల్యాబులో అన్నిట్లోనూ ఆ పేర్లకు దాని చిరునామాయే రాశాడు.

కమిటీ పెద్దలు మార్క్ చెప్పిన పేర్లు కొట్టారు. చిటికెలో పేజీలు వచ్చాయి. "మా దగ్గర కూడా ఇంత స్పీడు లేదే!" అని మెచ్చుకుని, జీడిపప్పు తిని, సంతకాలు పెట్టి వెళ్లారు. మార్క్‌కు తల కొట్టేసినట్టయింది. చదువుకున్న చదువు ఇందుకా అనిపించింది.

వారం తిరక్కుండా లైను బాగైంది. పిల్లల కంప్యూటర్లలో రాసినవన్నీ చెరిపించాడు. ఇక్కణ్ణుంచి బయటపడాలంటే ఆ ప్రభుత్వ పోస్టొక్కటే దారి. రాతపరీక్ష ఎప్పుడో నెగ్గాడు. వయసు దాటిపోతోంది, మళ్లీ రాసే వీల్లేదు. ఇంటర్వ్యూకి ఉత్తరాలు రావు, తేదీలు సైట్లోనే వేస్తారు. రోజూ తన టేబుల్ దగ్గర కూర్చుని చూస్తున్నాడు. "తేదీలు త్వరలో" అనే ఉంటోంది.

"ఒకసారి ఒంగోలు వెళ్లి చూసి రాకూడదా అండీ?" అంది భార్య షారోన్.

"ఒంగోల్లో వేరే ఇంటర్నెట్ ఉంటదా ఏంటి?" అని నవ్వేశాడు.

మర్నాడు ల్యాబులో ఫోను మోగింది. జాన్ బాషా. ఇదే కాలేజీలో పనిచేసి నల్లపాడు వెళ్లిపోయిన స్నేహితుడు. అతనూ ఆ పరీక్ష నెగ్గాడు.

"ఒరేయ్ మార్కూ, నిన్న ఇంటర్వ్యూకి రాలేదేంట్రా? నీ పేరు ఎన్నిసార్లు పిలిచారో!"

"ఇంటర్వ్యూ ఏంట్రా? ఇంకా తేదీలే ఇవ్వందే!"

"పది రోజుల్నుంచి సైట్లో ఉంటే ఇవ్వలేదంటావేంట్రా?"

"లేదు. ఉండు, నువ్వు లైన్లో ఉండగానే తెరుస్తా."

రిసీవర్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, పేరు కొట్టాడు. చిటికెలో పేజీ వచ్చింది.

"ఇదిగో, వచ్చింది. త్వరలో అనే ఉందిరా!"



"ఒరేయ్, ఆ కాలేజీకి ఉన్నది ఈ ఒక్క లైనే గదరా. దాంట్లో నాతో మాట్లాడుతుంటే, నీకు నెట్ ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?"