అందరూ తినేదే

"ముందు మీరు తినండి. మీరు చెప్పేదాకా నేను ముట్టను," అంది సంపాదకురాలు, తన పళ్ళెం పక్కకు జరుపుకుంటూ.

మాట మెత్తగానే ఉంది. కానీ ఆవిడ తెల్లారకుండా బయల్దేరి, మూడు గంటలు కారులో కూర్చుని ఆయన వెంట ఈ హోటలుకి వచ్చింది భోజనానికి కాదని ఇద్దరికీ తెలుసు.

దేశంలో ఏ మూల మాంసం తగలని భోజనం దొరుకుతుందో, ఏ మూల పాలూ నెయ్యీ కూడా తగలనిది దొరుకుతుందో చెప్పే పుస్తకం వాళ్ళది. ఏటేటా కొత్తగా వేస్తారు. దానికోసం ఊరూరా తిరిగి, తిని, మార్కులు వెయ్యడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా మరో పని ఎరగడు. ఆఫీసులో అందరూ ఆయన్ని 'నాలుక' అనే పిలుస్తారు. ఏడు నెలల కిందట వారం రోజుల జ్వరం వచ్చి పోతూ పోతూ ఆ నాలుకకి రుచి తీసుకుపోయింది. వాసన కూడా పోయింది. ఈ సంగతి కట్టుకున్న ఆవిడకి కూడా చెప్పలేదు. ఆవిడ పరధ్యానంలో కూరలో రెండుసార్లు కారం వేసిన రోజున కూడా బావుందని చెప్పి మారు వడ్డించుకున్నాడు.

సంపాదకురాలు దార్లోనే తేల్చి చెప్పేసింది. ఏడు నెలలుగా ఆయన రాతల్లో పులుపన్న మాట లేదట, ఘాటన్న మాట లేదట. ఫలానా కూర జనం ఇష్టంగా తింటున్నారు, ఫలానాది వదిలేస్తున్నారు, ఎంతసేపూ ఇదేనట. అసలు తిని రాస్తున్నారా అని పైవాళ్ళు అడుగుతున్నారట. ఇవాళ ఆవిడ ఎదుట తిని రుచి గురించి సరిగ్గా చెబితే సరి. లేకపోతే రేపటి నుంచి ఆఫీసు గుమ్మం తొక్కనక్కర్లేదు. ఆయన సరేనన్నాడు. ఆ మాటకి ఎవరికైనా గుండె జారాలి. ఆయనకి ఏమీ అనిపించలేదు. ఈమధ్య ఏదీ అనిపించడం లేదు.

అలాగని గాలిలో దీపం పెట్టి కూర్చునే మనిషి కాదు. ఈ ఏడు నెలల్లో తనకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఏ హోటలుకి వెళ్ళినా వంటింటి గుమ్మం పక్కనున్న బల్ల దగ్గరే కూర్చుంటాడు. ఏమేం ఉన్నాయని అడగడు. అందరూ తినేదే తెమ్మంటాడు. ఇక ఎంగిలి పళ్ళేలు లోపలికి పోతుంటే వాటినే చూస్తాడు. కూర సగం మిగిలితే ఎక్కడో చెయ్యి తప్పినట్టు. రొట్టె అంచులు మిగిలితే మాడినట్టు. మంచినీళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగితే ఉప్పు ఎక్కువైనట్టు. నలుగురి నోళ్ళూ తన నోరే అనుకుంటే సరిపోయె. పుస్తకం పట్టుకుని వెళ్ళి తిన్నవాళ్ళెవరూ ఇంతవరకూ తిట్టుకోలేదు.

ఇవాళా అంతే చేశాడు. వడ్డించే పెద్దాయన ఆయన మొహంలోకీ, సంపాదకురాలి మొహంలోకీ ఒకసారి చూసి, తలూపి లోపలికి వెళ్ళాడు. సన్నగా తరిగిన క్యాబేజీ కూర, రెండు రొట్టెలు, ఉడకబెట్టిన ఆపిల్ ముక్కలు తెచ్చి పెట్టాడు. హాల్లో పదిహేను మంది దాకా ఉన్నారు. కబుర్లు లేవు, ఫోన్లు లేవు. తల వంచుకుని తింటున్నారు.

ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వేడి తెలిసింది. మెత్తదనం తెలిసింది. తక్కినదంతా తడిగుడ్డ నమిలినట్టే. నములుతూనే గుమ్మం వైపు చూశాడు. మొదటి పళ్ళెం కడిగినట్టుగా పోయింది. రెండోదీ అంతే. ఏడు పళ్ళేలు లెక్కపెట్టాడు, ఒక్కదాంట్లోనూ క్యాబేజీ పోగు మిగల్లేదు. మూలనున్న ముసలాయన అయితే రొట్టె ముక్కతో పళ్ళెం అంచు కూడా తుడుచుకు తిన్నాడు. కాస్త ఉప్పు తెమ్మని పిలిచినవాడు ఒక్కడూ లేడు.

"ఎలా ఉంది?" అంది సంపాదకురాలు.

"నూటికి నూరు."

"మీరు ఇన్నేళ్ళలో ఎవరికీ నూరు వెయ్యలేదు. దీనికెందుకు వేస్తున్నారో చెప్పండి. జనం మాట వద్దు, మీ నోటికి ఏం తెలిసిందో చెప్పండి."

ఆయన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఉప్పు, మేడమ్. ఎంత పెద్ద వంటవాళ్ళయినా అక్కడే బోల్తా పడతారు. రవ్వంత ఎక్కువైనా నాలుక పట్టేస్తుంది, తక్కువైనా పట్టేస్తుంది. ఇక్కడ తూచినట్టు వేశారు. కాదని ఎవరైనా అంటే, రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే మానేస్తాను ఉద్యోగం."

సంపాదకురాలి మొహం తేటపడింది. అనవసరంగా అనుమానించానని, పైవాళ్ళతో తనే మాట్లాడతానని, పెద్దవారు ఏమీ మనసులో పెట్టుకోవద్దని చెప్పింది. పర్వాలేదన్నాడు ఆయన. గండం గడిచింది, సంతోషించాలి కదా అని తనకి తనే చెప్పుకున్నాడు. సంతోషం రాలేదు. రేపు ఏ ఊరు వెళ్ళాలో గుర్తు చేసుకున్నాడు.

"పొద్దుట్నుంచీ కాఫీ మీదే ఉన్నాను. ఆకలి దంచేస్తోంది," అంటూ ఆవిడ పళ్ళెం ముందుకు లాక్కుని, రొట్టె తుంచి కూరలో ముంచింది.

వంటింట్లోంచి హోటలామె తడి చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చి, ఆ పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగమ్మా, అది తినకు, నీకు వేరే తెస్తాను. మీరూ ఎదుటి ఆసుపత్రి నుంచే వచ్చారనుకుని మా పెద్దాయన పొరపాటున పెట్టేశాడు. గురువారం మధ్యాహ్నం ఇక్కడ తినేదంతా కిడ్నీ జబ్బువాళ్ళే, వాళ్ళ వంటలో మేం ఉప్పు రవ్వ కూడా వెయ్యం."