డబ్బా కడిగిన మొగుడు

“పగిలిన అద్దం ఒట్టి సింబాలిజం అమ్మా. అసలు క్లూ టిఫిన్ డబ్బా! మొగుడి రూపంలో వచ్చిన దెయ్యం, డ్యూటీ నుంచి రాగానే డబ్బా తనే కడిగేసింది. అసలు మొగుడు ఏనాడైనా కడిగాడా? అక్కడే దొరికిపోయింది.” స్టీల్ ప్లాంటు సెక్టర్ 2 క్వార్టర్‌లో టీవీ ఆపేస్తూ శ్రీవిద్య సినిమాని విడమర్చింది.

“అంతమాత్రానికే ఆ దెయ్యాన్ని తగలెట్టీడమేటే?” తల్లి మణిమాల నొచ్చుకుంది.

“అసలు మొగుడు తిరిగొచ్చాడుగా! హ్యాపీ ఎండింగ్.”

“ఎవులికే?”

అప్పుడే ప్లాంటు నుంచి వచ్చి బూట్లు విప్పుతున్న ఆమె భర్త రామమోహనరావు ఈ మాటలన్నీ విన్నాడు. పెళ్లయ్యాక మొదటిసారి, సంచిలోంచి తన డబ్బా తీసుకుని వంటింట్లోకి నడిచాడు. కుళాయి చప్పుడైంది.

శ్రీవిద్య తల్లి చెయ్యి పట్టుకుంది. “పారిపోదాం పదమ్మా! ఈయన మా నాన్న కాదు!”

“ష్! ముందు కడగనీయే.”