గోడ కేసు

లా కాలేజీలో సీటొచ్చిందని చెబితే నాన్న మొదట అడిగింది గోడ కేసు గురించే.

మా ఇంటికీ బాబాయి ఇంటికీ మధ్య ఉన్న గోడ ఎవరిదన్నది ఆ కేసు. వయసులో నాకంటే పెద్దది. చుట్టాలు ఫోన్ చేస్తే ముందు దాని క్షేమమే కనుక్కుంటారు.

"ఇప్పుడే చేరితే ఐదేళ్లు నాన్నా. ముందు డిగ్రీ చేసి, ఆ తర్వాత చేరితే మొత్తం ఆరేళ్లు," అన్నాను.

"ఐదేళ్లదే చేరు. మన కేసు నువ్వే వాదించాలి."

అంతలో గేటు తీసుకుని బాబాయి వచ్చాడు. నాకు ఊహ తెలిశాక ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. నాన్న కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు.

"అన్నయ్యా, రాజీ పడమని మా లాయరు ప్రాణం తీస్తున్నాడు. గోడ చెరిసగం రాసుకుంటే వచ్చే వాయిదాకే తేలిపోతుందట."

నాన్న మొహం వాడిపోయింది. "తేలిపోతే ఎలారా? పిల్ల లాలో చేరుతోంది."

"అందుకేగా వచ్చింది. మావాడికీ అక్కడే సీటొచ్చింది. వీళ్ల చదువులయ్యేదాకా కేసు కదలకూడదు."

నాన్న కుర్చీ తెచ్చి వేశాడు.

గోడ విషయంలో అన్నదమ్ములిద్దరూ ఒక మాట మీదికి రావడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. వెళ్లేముందు బాబాయి నా తల నిమిరాడు.

"మావాడు కాస్త మొద్దు. నువ్వే దగ్గరుండి చదివించాలి తల్లీ. రేపు కోర్టులో నీ మీద వాదించాల్సినవాడు."