పట్టీ విప్పిన ఉదయం

మూడేళ్లు నిండినా చిన్మయి ఒక్క మాట మాట్లాడలేదు. అవసరమే రాలేదు. చేతికున్న పట్టీ దాని కోరికను ముందే పసిగట్టేది, వంటింటి యంత్రం తెచ్చి ఇచ్చేది. ఊళ్లో పిల్లలందరికీ అవే పట్టీలు. ఇలాగే వదిలేస్తే పిల్లకు ఇక మాటే రాదేమోనని తల్లి ప్రమీల భయం.

ఆ ఉదయం ఆమె పిల్ల చేతి పట్టీ విప్పేసింది. చిన్మయి మామిడిపండు వైపు చెయ్యి చాచి, గుక్కపట్టి ఏడ్చింది.

“పసిదాన్ని ఏడిపిస్తావేమే, రాక్షసీ!” అత్తగారు పట్టీ అందుకుంది.

“ఒక్క నిమిషం ఆగండత్తయ్యా.” ప్రమీల నవ్వుతూ పిల్ల చేతిలో వంకాయ పెట్టింది. “ఇదేగా కావాలి, బంగారం?”

చిన్మయి ఏడుపు ఆపి, వంకాయను విసిరికొట్టింది.

“కాదు!”

అత్తగారి చేతిలోని పట్టీ జారిపడింది. ఆవిడ దాన్ని తీయలేదు. కూరగాయల బుట్టలోంచి బీరకాయ తీసుకుని మనవరాలి ముందు చతికిలబడింది.

“మరైతే ఇదా, తల్లీ?”