ఇరవై ఎనిమిదికి ఇంకో ఏడాది

ఫారం మీద రెండు గళ్లున్నాయి. ‘ఇంటికి తీసుకువెళ్తాను’, ‘మరో ఏడాది ఇక్కడే ఉంచుతాను’. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. నాలుగింటికి కాలేజీ ఆఫీసు మూసేస్తారు.

డేవిడ్ రాజు పెన్ను మూత తీశాడు. మళ్లీ పెట్టాడు. మూడున్నర అయింది.

మారేడ్‌పల్లిలో బస్సెక్కుతుంటేనే చెల్లెలు రోసమ్మ ఫోన్ చేసింది.

“ఏడాది చాలదా అన్నయ్యా? ఇంక మనవాళ్ల మధ్యకి తెచ్చెయ్. చర్చిలో అడిగేవాళ్లకి జవాబు చెప్పలేక చస్తున్నా.”

“చూస్తాలే” అన్నాడు. కోపం రాలేదు. బాధా రాలేదు. ఏడాదిగా ఏదీ రావడం లేదు.

అటెండర్ పర్వతాలు చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అడక్కుండానే చక్కెర తక్కువ వేయించాడు.

“ఇరవై ఎనిమిది ఎట్లా ఉంది పర్వతాలూ?”

“మంచిగుంది సార్. మీరు పరేషాన్ గాకుండ్రి.”

“చేర్పించిన రోజు ఆ నంబరు చూశాను. ఆ రోజుకి అదొక్కటే మేలు.”

“గంత ఖాసా నంబరా?”

రాజు రిటైరైన లెక్కల లెక్చరర్. ఈ ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలడు.

“ఇరవై ఎనిమిదిని శేషం లేకుండా భాగించేవి ఒకటి, రెండు, నాలుగు, ఏడు, పద్నాలుగు. ఆ భాగాలన్నీ కలుపు. మళ్లీ ఇరవై ఎనిమిదే. వెయ్యిలోపు ఇలాంటివి మూడే ఉన్నాయి. పరిపూర్ణ సంఖ్యలంటారు.”

“మా ఇంటి నంబరు ముప్పై సార్.”

“అది పొంగిపోతుంది. దాని భాగాలు కలిపితే నలభై రెండు వస్తుంది.”

“పొంగితే మంచిదే గద సార్!”

రాజు నవ్వబోయాడు. పెదవులు కదిలాయంతే.

“ఎవరైనా ఎగతాళి చేశారా, ఇరవై ఎనిమిదిని?”

“షురూల ఒక్క పోరడు నవ్విండు. ప్రిసిల్లమ్మ వాణ్ని బయటికి నూకింది. అప్పట్సంది అందరు ఇరవై ఎనిమిది కాడనే జాగ కావాలని కొట్లాడుకుంటరు.”

వరండాలో వెళ్తున్న అమ్మాయి తన పేరు వినబడి ఆగింది. “ఏంటన్నా, నా మీద చాడీలా?”

“సార్ ఇరవై ఎనిమిది తాలూకు, బిడ్డా.”

ప్రిసిల్లా ముఖంలో నవ్వు పోయింది. భుజాన ఉన్న బ్యాగు దించి, నిటారుగా నిలబడింది.

“ఇరవై ఎనిమిది నేర్పినంత మాకు ఏ ప్రొఫెసరూ నేర్పలేదు అంకుల్.”

రాజు తలూపాడు. గ్లాసు చుట్టూ చేతులు పెట్టుకున్నాడు.

“సాయంత్రం వెళ్లేటప్పుడు... అన్నీ సర్దే వెళ్తారా అమ్మా?”

“ఎక్కడివక్కడే సర్దుతాం అంకుల్. ఒక్కటి కూడా అటూ ఇటూ కానివ్వం. లెక్క చూసుకున్నాకే తలుపేస్తాం.”

ఒకటి, రెండు, నాలుగు, ఏడు, పద్నాలుగు.

ఆయన రెండో గడిలో టిక్కు పెట్టాడు. చాయ్ ఇంకా వేడిగానే ఉంది. అదీ ఒక మేలే.

సంతకం కింద ఒక గీత ఖాళీగా ఉందని పర్వతాలు వేలు పెట్టి చూపిస్తే, ‘దేహదానం చేసినవారికి మీరు ఏమవుతారు?’ అన్న ప్రశ్నకు ఎదురుగా డేవిడ్ రాజు గుండ్రటి అక్షరాలతో రాశాడు: భర్త.