నీలం రంగు బ్రిడ్జి

"గడులు పెద్దవి చెయ్యి," అన్నాడు పెద్ద ఇంజనీరు భానుప్రసాద్.

దీప వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. వాగొడ్డు ఊరి పంచాయతీ ఆఫీసు వరండాలో బల్ల, బల్ల మీద లాప్‌టాప్, అందులో బ్రిడ్జి. బ్రిడ్జినంతా చిన్న చిన్న గడులుగా కోసి, ఏ గడిలో ఇనుము మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కగట్టి రంగులేస్తుంది కంప్యూటర్. నీలమైతే నిశ్చింత. ఎరుపైతే ఇనుము ఓర్చుకోలేదని. దూలాన్ని నడిమి స్తంభానికి అతికిన చోట పుండులా ఎర్రగా ఉంది.

"పెద్ద గడులతో ఒత్తిడి నూట డెబ్బై వచ్చింది సర్. సగం చేస్తే రెండొందల ముప్పై. ఇంకా సగం చేస్తే మూడొందల పది. ఈ ఇనుము తట్టుకునేది రెండొందల యాభై."

"మూలల దగ్గర కంప్యూటర్ ఎప్పుడూ అలాగే అరుస్తుందమ్మా. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను."

"నేనూ అదే అనుకున్నాను సర్. అందుకే వెల్డింగు నిజంగా ఎంత గుండ్రంగా ఉందో కొలిచి అదీ ఇచ్చాను. అప్పుడు రెండొందల తొంభై దగ్గర ఆగింది. గడులు ఎంత తగ్గించినా ఇక కదల్లేదు."

"కొలిచావా? ఎవరు కొలవమన్నారు నిన్ను?"

దీప ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. రిపోర్టు చివర 'లెక్క చేసినవారు' అన్న చోట ఆమె సంతకం పడాలి. రేపటికల్లా అది పై ఆఫీసుకు చేరాలి.

మెట్టు మీద బిజ్జా తొడల దాకా తడిసిన లుంగీని పిండుకుంటున్నాడు. ఊళ్ళో ట్రాక్టరున్నది ఆయనొక్కడికే. అప్పుడే సుక్మా నుంచి వచ్చాడు, ఏదో కాయితం మీద వేలిముద్ర కావాలని కబురందితే.

"గడులు పెద్దగ జేస్తే ఇనుము గట్టిపడ్తదా సాహెబ్?" అన్నాడు.

"నీకు చెప్పినా అర్థం కాదులే."

"అర్థమైతానే ఉంది. మా వల కన్ను పెద్దదైతే చిన్న చేపలు జారిపోతయి. వాగుల చేపల్లేవని ఇంటికొచ్చి చెప్తమా?"

దీప నవ్వు ఆపుకుంది. భానుప్రసాద్‌కు ఆపుకోవాల్సిన నవ్వేమీ రాలేదు. లాప్‌టాప్‌ను తన వైపు లాక్కుని గడులు తనే పెద్దవి చేశాడు. ఎరుపు కాస్త వెలిసి నారింజ రంగుకు దిగింది. తర్వాత నడిమి స్తంభం అడుగున 'కదలదు' అని నొక్కాడు.

"ఆ స్తంభం కింద రాయి లేదు సర్, ఇసుక. పొద్దున గునపం దించితే మూరెడు దిగింది."

"డ్రాయింగులో రాయి అనే ఉంది."

"ఆ డ్రాయింగు వాగుకు చూపించిన్రా సాహెబ్?" అన్నాడు బిజ్జా.

నారింజ ఇంకా మొండికేస్తోంది. భానుప్రసాద్ అద్దాలు సర్దుకుని, ఎరుపు రెండొందల యాభై దగ్గర కాదు, ఐదొందల దగ్గర మొదలవ్వాలని మార్చాడు. బ్రిడ్జి ఈ చివర నుంచి ఆ చివర దాకా, నీలిమందు కలిపి సున్నం వేసిన కొత్త గోడలా తళతళలాడింది.

"చూశావా? పది టన్నులెక్కించినా వెంట్రుకవాసి కదల్లేదు. సంతకం పెట్టు."

"ఇదే డ్రాయింగుతో ఇంకా ఆరు వాగుల మీద కట్టబోతున్నారు సర్. నేను పెట్టను."

"మానెయ్. నీలాంటివాళ్ళు జగదల్‌పూర్‌లో వీధికి పదిమంది దొరుకుతారు."

ఆయన సంచిలోంచి సిరా డబ్బీ, కాయితం తీసి బిజ్జా ముందు పెట్టాడు. గొంతులో కాస్త బెల్లం కలిపాడు.

"మీ అన్న జోగే ఎలా ఉన్నాడు? ట్రాక్టరు తోలేది అతనేగా?"

"సుక్మ దవాఖానలనే ఉన్నడు. పోయి పదకొండు రోజులాయె. వదిన గూడ ఆడనే ఉన్నది."

"మంచిది. ఇది ట్రాక్టరు వాడకం వివరాలు, మామూలు కాయితమే. వేలు పెట్టు."

బిజ్జా బొటనవేలు సిరాలో ముంచాడు. దీప కాయితాన్ని తన వైపు తిప్పుకుంది. హిందీలో ఉంది.

"వేలు పెట్టకు బాబాయ్. పదిహేను టన్నులు ఎక్కించే అలవాటు మీకుందని రాసుంది ఇందులో."

"పదిహేనా? అరవై బస్తాల వడ్లకే మా ట్రాలీ టైర్లు మూలుగుతయి."

"ట్రాక్టరు, ట్రాలీ, బస్తాలు, అన్నీ కలిపినా ఆరు టన్నులు దాటదు సర్."

బిజ్జా సిరా వేలును నిదానంగా లుంగీకి తుడుచుకున్నాడు. "బ్రిడ్జి గట్టిగుందని నువ్వు ఎంతన్న రాసుకో సాహెబ్. ఈ వేలు మాత్రం నీకు రాదు."

"మీరిద్దరూ పెట్టకపోతే ఆగేదేం లేదు," అన్నాడు భానుప్రసాద్. 'బ్రిడ్జిలో ఏ లోపమూ లేదు' అని చివరి వాక్యం కొట్టి, దీప సంతకం చోట కూడా తనదే గీకేశాడు. "మనుషులు అబద్ధమాడతారు. కంప్యూటర్ ఆడదు."

అవతలి గట్టు మీంచి జీపు హారన్ మోగింది. భానుప్రసాద్ లాప్‌టాప్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. ఎండలో బోర్లించిన బూట్లు చేతికి తగిలించుకుని, ప్యాంటు పైకి మడుచుకుంటూ వాగులోకి దిగాడు.

"నడుమ లోతుంటది, పైలం సాహెబ్," గట్టు మీంచి కేకేశాడు బిజ్జా.

బ్రిడ్జి కూలి ఆ రోజుకి పదకొండు రోజులు.